బోణీ రాజ్యంలో రెండిళ్లు

పశ్చిమ ఆఫ్రికాలో బోనీ అనే రాజ్యం ఒకటి ఉండేదని నాకు జీతం ఇచ్చి మరీ చెప్పారు. నేను మొదటి రోజే దాన్ని బోణీ అని కొట్టాను. పొద్దున షాపు తీయగానే జరిగే తొలి బేరం పేరుతో ఒక రాజ్యం నా ఫైల్లో పదకొండు పేజీల పొడవునా వర్ధిల్లింది. చదివిన వాళ్లెవరూ పట్టుకోలేదు. చివరికి పట్టుకున్నది మా టెస్టర్ అన్న. నా సీటు దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"తమ్మీ, ఈ రాజు తాన పొద్దుగాల పోతే బేరమాడొద్దా ఏంది?"

తప్పు చూపించే పద్ధతుల్లో అంత మర్యాదైనది నేను అంతకు ముందు చూడలేదు. అదే నా చేతిలో పడి ఉంటే ఆరో అంతస్తంతా వినేలా చదివేవాణ్ని.

గచ్చిబౌలిలో ఒక అద్దాల భవనంలో ఆరో అంతస్తు మాది. పిల్లలు చరిత్ర నేర్చుకునే ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ. ఇంగ్లీషులో వచ్చిన కథనీ సంభాషణల్నీ తెలుగులోకి తేవడం నా పని. నా హోదా పేరు నెరేటివ్ డిజైనర్. మా అమ్మకు మాత్రం టైపింగ్ ఉద్యోగమని చెప్పాను, కంగారు పడకుండా ఉంటుందని.

బోనీ సంగతి నాకు అర్థమైనంతవరకు ఇది. నైజర్ నది వంద పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట ఆ ఊరు. తెల్లవాళ్ల ఓడలు వచ్చి అక్కడ లంగరేసుకునేవి. మొదట్లో మనుషుల్ని కొనుక్కుపోయేవి, తరువాత పామాయిల్. పామాయిల్ అంటే రేషన్ షాపు సంగతనుకున్నాను ఇన్నాళ్లూ. దానికోసం ఫిరంగులు పేలాయంటే నమ్మబుద్ధి కాలేదు. లోపలి ఊళ్ల నుంచి నూనె తెచ్చి ఓడలకు అమ్మే వ్యాపారమంతా 'ఇళ్ల' చేతిలో ఉండేది. ఇల్లంటే గోడలు కాదు. ఒక పెద్ద, ఆయన మనుషులు, వాళ్ల పడవలు, పడవ ముక్కున ఒక ఫిరంగి. విచిత్రమేమిటంటే, గొప్ప ఇళ్లకు పెద్దలైన వాళ్లలో చాలామంది చిన్నప్పుడు ఆ ఊరికి కొనుక్కురాబడిన వాళ్లే. పనితనం ఉంటే బానిసగా వచ్చినవాడే ఇంటికి పెద్దయ్యేవాడు. పందొమ్మిదో శతాబ్దంలో రెండిళ్లు ఒక ఊరికి సరిపోనంత పెరిగాయి. రాజు పేరుకే ఉన్నాడు. రెండిళ్లూ ఊళ్లోనే ఫిరంగులు పేల్చుకున్నాయి. ఓడిపోతున్న ఇంటి పెద్ద తన జనాన్ని పడవలెక్కించుకుని వెళ్లి, నూనె వచ్చే దారిలోనే వేరే ఊరు కట్టుకున్నాడు. యుద్ధంలో ఓడి, వ్యాపారంలో గెలిచాడు. ఆయన కూడా కొనుక్కొచ్చిన పిల్లాడే.

ఇంగ్లీషులో ఉన్న 'హౌస్'కి తెలుగేమిటన్నది మొదటి తగాదా. నేను 'వంశం' అన్నాను. టీమ్ లీడ్ మేడమ్‌కి నచ్చింది, బరువుగా ఉందంది. టెస్టర్ అన్న ఒప్పుకోలేదు.

"వంశమంటే అండ్ల పుట్టాల్నాయె. ఈళ్లు పుట్టలే మేడమ్. వచ్చిన్రు."

అలా 'ఇల్లు' ఖాయమైంది.

కథతో పాటు మాకు ఆచారాల గురించి నోట్స్ ఇచ్చారు. అందులో రెండు సంగతులు నన్ను పట్టుకున్నాయి. ఒకటి, కొత్తగా కొన్న పిల్లాడికి ఇంట్లోని ఒక స్త్రీ తల గొరుగుతుంది. అప్పటినుంచి ఆమె వాడికి తల్లి, వాడు ఆ ఇంటివాడు. రెండు, ఆ తరువాత వాడు ఎక్కణ్నుంచి వచ్చాడన్న మాట ఎవరూ ఎత్తకూడదు, ఎత్తితే నేరం. రెండోదాన్ని నేను తెలుగులో ఇలా రాశాను: 'పుట్టుక రహస్యం. బయటపెట్టినవాడికి శిక్ష.' రాసి, నా భుజం నేనే తట్టుకున్నాను. మొదటిదానికే మాట దొరకలేదు.

సాయంత్రం నాలుగింటికి భవనం వెనక టీ బండి దగ్గర అన్నను అడిగాను.

"దీక్ష అంటే అయ్యప్ప మాల వేసుకున్నట్టుందన్నా. సంస్కారం అంటే పంతులుగారొచ్చి కూర్చున్నట్టుంది. ఏమనాలి దీన్ని?"

"పుట్టెంటికలు అను."

"పుట్టువెంట్రుకలు చంటిపిల్లలకు కదా."

"నాకు తొమ్మిదేండ్లకు తీసిన్రు."

"ఏం, అప్పటిదాకా మొలవలేదా?"

అది నా నోరు. మెదడుకి వార్త చేరేలోపు పని పూర్తి చేస్తుంది. అన్న కూడా నవ్వాడు. నవ్వి, టీ గ్లాసు బండి మీద పెట్టి, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

కన్నతల్లిది పాలమూరు వైపు. రింగురోడ్డు వేస్తున్నప్పుడు మట్టి పనికి వచ్చి నార్సింగి దగ్గర డేరాల్లో ఉండేవాళ్లు. ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయింది. మేస్త్రీ జనాన్ని ఇంకో పనికి తోలుకుపోయాడు. తొమ్మిదేళ్ల పిల్లాడు లెక్కలోకి రాలేదు. డేరాలకు పాలు పోసే ఆమె తన ఇంటికి తీసుకెళ్లింది. ఆమెకు అప్పటికే నాలుగేళ్ల కొడుకు, వాడికి మొక్కుబడి తీరక పుట్టువెంట్రుకలు ఇంకా తీయలేదు. ఇద్దర్నీ యాదగిరిగుట్టకు తీసుకెళ్లింది.

"ఇద్దరికి ఒక్కసారే తీసిన్రు. ఇయ్యాల నాకు ఇద్దరు పుట్టిన్రు, పెద్దోడు ముందుగాల పుట్టిండు అన్నది మా అమ్మ. గంతే, అయిపోయింది. ఇంటిపేరు ఆల్లదే రాయించిన్రు బడిల."

"మరి తమ్ముడికి?"

"ఆనికి ఎరుక లేదు. ఇంట్ల ఎన్నడు ఆ ముచ్చట తియ్యరు. ఆనికి తెల్వొద్దు తమ్మీ. తెలిస్తే నన్ను వేరే తీరుగ సూస్తడు. నాకు గదొక్కటే."

"నా నోరు బ్యాంకు లాకరన్నా" అన్నాను. నా నోటి గురించి ఆరో అంతస్తంతటికీ తెలుసు. ఎందుకో ఆయన ఒక్కడికే తెలియదు.

ఆ తమ్ముడు మా ఆఫీసులోనే ఉండేవాడు. మూడు నెలల క్రితం ట్రైనీగా చేరాడు, ఆటలో పడవల బొమ్మలు వేస్తాడు. అన్నదమ్ములిద్దరూ నార్సింగి నుంచి ఒకే బండి మీద వచ్చేవాళ్లు. పార్కింగ్‌లో మొదలైన తగువు లిఫ్టులో పెరిగి ఆరో అంతస్తులో తలుపు తెరుచుకునేటప్పటికి తారస్థాయికి చేరేది.

"నా చార్జర్ నువ్వెందుకు ముట్టినవ్?"

"అది నీదారా? మీద పేరు రాసినవా?"

"రాస్త. నీ మొకం మీద రాస్త."

"ముందుగాల తెలుగు రాయనేర్సుకో."

మా ఫ్లోర్‌కి అది పొద్దుటి గంట. అది వినపడగానే టైమెంతయిందో తెలిసిపోయేది.

ఆట సగం తయారయ్యాక మేడమ్ ఒక ఆలోచన చేసింది. పన్నెండుమందిమి రెండిళ్లుగా విడిపోయి, ఇంటికో రంగు రిబ్బను కట్టుకుని రెండు వారాలు ఆడాలి. ఎక్కడ విసుగు పుడుతోందో, ఎక్కడ ఉడుకు పుడుతోందో రాసుకోవాలి. ఒక ఇంటికి పెద్ద అన్న, రెండో ఇంటికి నేను. తమ్ముడు చీటీల్లో నా ఇంటికి వచ్చాడు.

విసుగెక్కడా పుట్టలేదు. మూడోరోజుకే మా ఇల్లు కాఫీ మిషన్ని నదీముఖం అని ప్రకటించి అక్కడ ఒక మనిషిని కాపలా పెట్టింది. వాళ్లు జవాబుగా మీటింగ్ రూమ్ ఆక్రమించి, చక్రాల కుర్చీలన్నీ అందులోకి తోసుకున్నారు. నాలుగేళ్లుగా కలిసి డబ్బాలు విప్పుకుని తిన్న ఇద్దరు లిఫ్టులో ఒకరినొకరు చూడకుండా అంతస్తుల అంకెలు చూస్తూ దిగారు. హెచ్ఆర్ నుంచి కుర్చీల సమానత్వం గురించి మెయిల్ వచ్చింది. బీటెక్ చదివిన పన్నెండుమందిని చీల్చడానికి ఫిరంగి అవసరం లేదు, రెండు రంగుల రిబ్బన్లు చాలు.

ఆటలో అన్న గెలుస్తున్నాడు. కారణం చిన్నది. కొత్త మనిషి వచ్చిన ప్రతిసారీ తలగొరిగే ఘట్టం ఆడాలంటే ఒక వంతు పోతుంది. నేను దండగని వదిలేశాను. వచ్చినవాణ్ని వచ్చినట్టే తెడ్డు పట్టించాను. అన్న ఒక్కర్నీ వదలలేదు. ప్రతివాడికీ తల్లిని చూపించి, తల గొరిగించి, ఇంటి పేరు పెట్టాడు. రెండోవారానికి నా మనుషులు పడవలతో సహా పారిపోవడం మొదలుపెట్టారు. ఆయన మనుషులు ఒక్కడూ కదల్లేదు. ఈ నియమం రాసిన ప్రోగ్రామర్‌ని తిట్టాను గాని, నియమం నోట్స్‌లో ఉన్నదే.

ఓడిపోతున్నకొద్దీ నా జోకులు పెరిగాయి. అన్నిటికంటే గట్టిగా నవ్వేది తమ్ముడు. "నువ్వు కతర్నాక్ భయ్" అనేవాడు. వాడి నవ్వుకోసం నేను ఇంకా ఇంకా వాళ్ల అన్న మీదే వేసేవాణ్ని. వాడికి మహా సరదాగా ఉండేది. తన అన్నను తిట్టే హక్కు తనొక్కడిదే అయినా, దాన్ని నాకు కొంచెం కిరాయికిచ్చినట్టు నవ్వేవాడు.

చివరి రోజు శుక్రవారం మధ్యాహ్నం. పెద్ద కాన్ఫరెన్స్ హాల్లో పై అంతస్తుల వాళ్లు కూడా వచ్చి నలభైమంది దాకా అయ్యారు. యుద్ధానికి ముందు ఇద్దరు పెద్దలూ సభలో మాట్లాడాలి, చూసేవాళ్లు ఏ ఇంటి వైపు చేతులెత్తితే ఆ ఇంటికి సగం గెలుపు. నేను ముందు మాట్లాడాను. నవ్వించాను. బాగానే పోయింది.

తరువాత అన్న లేచాడు. ఆయన మైకు పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అయిదేళ్లుగా బగ్గుల జాబితాలు రాసిన మనిషి, అలాగే మాట్లాడాడు, ఒక్కొక్కటే.

"మా ఇంటికి ఎవలన్న రావచ్చు. యాడికెళ్లి వచ్చినవని అడుగం. ఎవలి బిడ్డవని అడుగం. ఆకలైతుందా అని అడుగుతం. ఒక్కసారి వచ్చినంక వాడు ఇంటోడే. ఆనికోసం పడవలన్ని కదుల్తయి. గంతే, నాకు ఇంకేం మాట్లాడరాదు."

హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. మర్యాద చప్పట్లు కావవి. నా ఇంటివాళ్లలో ఇద్దరు కుర్చీలు అటువైపు జరుపుకున్నారు. నా పక్కన తమ్ముడు కూడా చప్పట్లు కొడుతున్నాడు, తన అన్న మాట్లాడగలడని అప్పుడే తెలిసినట్టు మొహం వెలిగిపోతోంది.

జవాబు చెప్పడానికి నాకు అర నిమిషం ఇచ్చారు. అప్పుడు నాలో ఏం జరిగిందో నేను చాలాసార్లు తిరగేసి చూసుకున్నాను. పొరపాటున జారిందని చెప్పుకోవాలని ఉంది. జారలేదు. వెతికాను. ఆ మనిషిని కింద పడేసే మాట ఒకటి నా దగ్గరుందని గుర్తొచ్చింది, చెయ్యి పెట్టి తీశాను.

"అధ్యక్షా, ఎదురింటి పెద్దాయన ఇల్లు, ఇల్లు అంటున్నారు. తొమ్మిదేళ్లకు పుట్టెంటికలు తీయించుకున్న మనిషి. ఇంటి గురించి మనకు ఈయన చెప్పాలా?"

హాలు విరగబడి నవ్వింది. ఆటలో తలగొరిగే ఘట్టం అందరికీ తెలుసు కాబట్టి అది ఆటలోని మాటే అనుకున్నారు. నలభైమందిలో ఇద్దరు నవ్వలేదు. అన్న నావైపు చూడలేదు. తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు చప్పట్లకు ఎత్తిన చేతులు ఒళ్లో పెట్టుకుని, తల దించి, బూట్లు చూసుకుంటున్నాడు.

అప్పుడు నేను చేసిన పని చెప్పకపోతే ఇది రాయడం దండగ. ఇంకో జోకు వేశాను. గుండు మీద. దానికి కూడా నవ్వారు. చేతులు మా ఇంటివైపు లేచాయి. ఆ సగం గెలుపు కలిసి యుద్ధం కూడా మేమే గెలిచాం. మేడమ్ నా మెడలో బంగారు రంగు కాగితం పతకం వేసి ఫొటో తీయించింది. ఆ ఫొటోలో నేను నవ్వుతూ ఉన్నాను. బాగా వచ్చింది కూడా.

పతకం జేబులో కుక్కుకుని పార్కింగ్‌కి పరిగెత్తేసరికి వాళ్లు బండి దగ్గర ఉన్నారు. అన్న స్టార్ట్ చేశాడు. తమ్ముడు వెనక కూర్చున్నాడు. ఎవరు నడపాలన్న గొడవ లేదు, హెల్మెట్ గొడవ లేదు. బండి ర్యాంపు ఎక్కి వెళ్లిపోయింది. పార్కింగ్ అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు.

ఇంటికి వెళ్లాను. మదీనాగూడలో మాది మూడో అంతస్తు. అమ్మ టిఫిన్ పెడుతూ ఏమైందని అడిగింది. ఆఫీసులో ఒకతని విషయం నలుగురిలో అనకూడనిది అనేశానని మాత్రం చెప్పాను. అమ్మ అట్టు తిరగేసి, మామూలుగా అడిగింది.

"అయ్యో, ఎవరబ్బాయి? వాళ్లేమిట్లో?"

మా అమ్మ చెడ్డమనిషి కాదు. కోస్తా నుంచి వచ్చి ముప్పై ఏళ్లైనా, కొత్త పేరు వినగానే ఆమె నాలుక ముందు వెళ్లే దారి అది. ఇంటిపేరు, ఊరు, ఏమిట్లు, అంటే కులం. నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఆమె ఇంట్లో అట్టు వేస్తూ అడిగింది. నేను మైకులో అడిగాను, పతకం కూడా తెచ్చుకున్నాను.

శని ఆదివారాలు ఫోన్లో క్షమాపణ టైపు చేశాను. మొదట పొడుగ్గా రాసి, నాటకంలా ఉందని కొట్టేశాను. పొట్టిగా రాసి, డెలివరీ బాయ్ 'ఆలస్యమైంది సార్' అన్నట్టుందని కొట్టేశాను. చివరికి చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి, అది పంపకుండానే పడుకున్నాను.

సోమవారం అన్న మామూలుగా వచ్చాడు. మామూలుగా బగ్గుల జాబితా ఇచ్చాడు. నేను నోరు తెరవబోతే ఆయనే అన్నాడు.

"ఫికర్ చెయ్యకు తమ్మీ. ఆట గదా."

"అవునన్నా, ఆట" అన్నాను.

నేను తప్పించుకోవడానికి ఆయనే తలుపు తీసి పట్టుకున్నట్టయింది, నేను అందులోంచి బయటికి నడిచిపోయాను. శుక్రవారం నేనన్న మాట కంటే ఈ మూడు ముక్కలకే నాకిప్పుడు ఎక్కువ సిగ్గేస్తుంది. ఆ మాట అర నిమిషంలో అన్నాను. దీనికి మూడు రోజులు ఆలోచించుకున్నాను.

బుధవారం తమ్ముడు నన్ను మెట్ల దగ్గర ఆపాడు. మెట్లు మా భవనంలో ఎవరూ వాడరు, అగ్నిప్రమాదం డ్రిల్లు రోజు తప్ప.

"భయ్, నీకు అన్ననే చెప్పిండా?"

"చెప్పాడు. నేను... నీకు తెలియదనుకున్నాడు. నావల్ల తెలిసింది. నన్ను నువ్వు కొట్టినా..."

"నాకు ఏడో క్లాసులనే ఎరుక."

 వాడు గోడకి ఆనుకుని, నా వైపు కాకుండా మెట్ల వైపు చూస్తూ చెప్పాడు.

"మా గల్లీ అంతటికి ఎరుక. మేనత్తలకు ఎరుక, కిరాణా షాపాయనకు ఎరుక. ఎవ్వరనలే. ఒక్కసారి కూడ ఎవ్వరనలే. నాకు తెల్వదని అన్న అనుకోవాలె, నేను తెల్వనట్టుండాలె. గట్ల మస్తుగుండె మాకు. నువ్వు మైకుల అన్నవ్. నేను మొకం దించిన. ఆయన నా మొకం సూసిండు. ఇగ అయిపోయింది."

"తప్పు నాది."

"అందరు నవ్విన్రు గదా. నేను కూడ నవ్వితే అయిపోతుండె. నవ్వు రాలే భయ్. నాకే ఎందుకు రాలేదో."

వాడు తన మీద తనే నేరం వేసుకుంటున్నాడు. అది నాకివ్వమని అడగబోయేలోపే వాడు తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

నేను సీటుకి వెళ్లి ఫైలు తెరిచాను. 'పుట్టుక రహస్యం' అని నా వాక్యం దర్జాగా కూర్చుని ఉంది. ఆ ఊళ్లో అదెప్పుడు రహస్యం? కొన్నవాడికి తెలుసు, గొరిగిన ఆమెకు తెలుసు, పడవలో పక్కన తెడ్డేసేవాడికి తెలుసు. ఫిరంగులు పేల్చుకున్న ఇంటిపెద్దలకి ఒకరి సంగతి ఒకరికి బాగా తెలుసు. తెలియకపోవడం కాదు వాళ్ల నియమం, అనకపోవడం. నోట్స్‌లో అలాగే ఉంది. రహస్యమని రాసింది నేను. బయటపెట్టాలని చేతులు దురదపెట్టేవాడికే ఆ మాట తడుతుంది. దాన్ని కొట్టేసి, 'ఎవరు ఎక్కణ్నుంచి వచ్చారన్నది ఇక్కడ మాటల్లోకి రాదు' అని రాశాను. మేడమ్ చూసి, "పాతదాంట్లో పంచ్ ఉంది కదా, ఎందుకు మార్చావ్?" అంది. పంచ్ ఎక్కువైంది మేడమ్ అన్నాను.

నెల తిరక్కుండా అన్న వేరే ప్రాజెక్టు అడిగి తీసుకున్నాడు, నానక్‌రామ్‌గూడలో మా కంపెనీకే ఉన్న ఇంకో ఆఫీసుకు. టెస్టర్లలో ఇద్దరు ఆయనతో పాటు వెళ్తామన్నారు. పడవలేం లేవు, తలా ఒక అట్టపెట్టె. వాళ్లు వెళ్లాక మా ఆట పని ఏ మూల చూసినా ఆగిపోయింది. ఎక్కడ ఏం తప్పుందో చెప్పేవాళ్లు లేరు. బోనీ వాళ్లకు నూనె ఆగిపోవడమంటే ఏమిటో నాకు నోట్స్ అక్కర్లేకుండానే తెలిసింది.

వెళ్లేరోజు ఆయన పెట్టె మోసుకుంటూ లిఫ్టు దాకా వెళ్లాను. లిఫ్టు రావడానికి మా భవనంలో చాలాసేపు పడుతుంది. ఆ సమయం మొదటిసారి పనికొచ్చింది.

"అన్నా, అది ఆట కాదు. నేను కావాలనే అన్నాను. నువ్వు గెలుస్తున్నావని."

"ఎరుకే" అన్నాడు. కోపంగా కాదు. చాలా రోజుల క్రితమే రాసుకున్న బగ్గు నేనిప్పుడు ఒప్పుకున్నట్టు.

లిఫ్టు వచ్చింది. ఆయన ఎక్కలేదు. తలుపు మూసుకుంది.

"ఆడు నాతోని కొట్లాడ్తలేడు తమ్మీ. ఏదడిగితే అది, సరే అన్నా. చార్జర్ తెచ్చి చేతికిస్తున్నడు. కూర నాకు ముందుగాల వేయిస్తున్నడు. ఎన్నడన్న ఇచ్చిండా? నా ఇంట్ల నేను సుట్టమోలె ఉన్న."

నేనేం మాట్లాడలేదు. మాట్లాడకపోవడం నాకు కొత్త కాబట్టి సరిగ్గా చేశానో లేదో తెలియదు.

"నువ్వు అందరిని నవ్విస్తవు గదా. ఆదివారం ఇంటికి రా. ఆణ్ని జర నాతోని కొట్లాడిపియ్యి."

ఆదివారం నార్సింగి వెళ్లాను. చుట్టూ ముప్పై అంతస్తుల టవర్లు లేచాయి, వాటి మధ్య వాళ్లది రెండంతస్తుల ఇల్లు, పాత బర్రెల కొట్టంలో ఇప్పుడు బండ్లు పెడుతున్నారు. వాళ్లమ్మ నన్ను చూసి, "మా పిల్లల ఆఫీసు బిడ్డవా, రా" అని లోపలికి పిలిచి వంటింట్లోకి వెళ్లింది. పేరు అడగలేదు. తిన్నావా అని అడిగింది.

ముందు గదిలో క్యారమ్ బోర్డు వేశారు. అన్నకు ఎదురుగా తమ్ముడు, పక్కన నేను. నేను వచ్చిన పని మొదలుపెట్టాను. అన్న చేతివాటం మీద ఒకటి వేశాను. తమ్ముడు పళ్లు కనిపించేలా నవ్వాడు, మర్యాదకి. తమ్ముడి గురి మీద ఒకటి వేశాను. అన్న నవ్వాడు, అదీ అంతే. నేను ఆడుతున్నది ఖాళీ హాల్లో అని అర్థమైంది.

కాసేపటికి అన్న వంతు వచ్చింది. నల్లకాయ ఒకటి మూలకి కొంచెం దూరంలో ఉంది. అన్న స్ట్రైకర్ పెడుతూ, చిటికెన వేలితో ఆ కాయని మెల్లగా మూలవైపు జరిపాడు. దాచి కాదు. నాకు కనిపించేలా, వాడికి కనిపించేలా. జరిపి, కొట్టకుండా ఆగాడు. తలెత్తి తమ్ముడిని చూస్తూ కూర్చున్నాడు.

చిన్నప్పటినుంచి వాళ్లింట్లో ఆ ఒక్క వేలికి ఎన్ని బోర్డులు బోర్లా పడి ఉంటాయో నాకు తెలియదు. తమ్ముడు ఆ వేలు చూశాడు. కాయ చూశాడు. వాడి గొంతులో మాట పైకి వచ్చి ఆగడం నేను చూశాను.

"తొండి" అన్నాను నేను. "మీ అన్న తొండి ఆడుతున్నాడు, చూడు."

"లేదు భయ్. కాయ ఆడనే ఉండె" అన్నాడు తమ్ముడు. "కొట్టన్నా."

అన్న కొట్టాడు. కాయ పడింది.

"మంచిగ కొట్టినవ్" అన్నాడు తమ్ముడు.

వంటింట్లోంచి వాళ్లమ్మ గొంతు వినపడింది. "ఏందిరా, సప్పుడే లేదు. బోర్డు తీసేసిన్రా?"

 అన్న తమ్ముడిని చూస్తూ ఇంకో కాయ మీద వేలు పెట్టాడు.